ఇది నా జబ్బు మాటా, నా తెలివి మాటా?

హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను.

ఆమెకు 36 ఏళ్లు. ఐదేళ్ల కిందట కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. అప్పటినుంచీ వీల్‌చైర్. మెడికల్ కోడింగ్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తున్నారు. మూత్రం దానంతటది రాదు కాబట్టి నాలుగైదు గంటలకోసారి తనే క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నటి ట్యూబు) పెట్టుకోవాలి. భర్త, పదేళ్ల కూతురు, అత్తగారు, పెళ్లి కుదిరిన ఆడపడుచు అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఏడాదిగా డిప్రెషన్‌కీ, పానిక్ అటాక్‌లకీ మందులు వాడుతున్నారు.

రెండేళ్ల కిందట బంధువుల గృహప్రవేశానికి ఒక ప్రైవేటు స్లీపర్ బస్సులో వెళ్లారు. తలుపు సన్నగా ఉండటంతో క్లీనరూ, ఎవరో ఇంకొకతనూ కలిసి చంకల కింద చేతులేసి ఎక్కించారు. చీర చెదిరింది. జనం చూశారు, ఒకరు ఫోన్ కూడా ఎత్తారు. దారిలో టాయిలెట్‌కి దిగే వీలుండదని ముందు రోజు నుంచే మంచినీళ్లు మానేశారు. దిగిన హోటల్లో "వీల్‌చైర్‌కి ఇబ్బందేం ఉండదు మేడమ్" అన్నారు గానీ బాత్రూమ్ తలుపులో వీల్‌చైర్ పట్టలేదు. తిరిగొచ్చాక చలిజ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, ఆసుపత్రి. మొదటి పానిక్ అటాక్ ఆ తర్వాతే. అప్పటినుంచి ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు.

ఇప్పుడు ఆడపడుచు పెళ్లి. మగపెళ్లివారిది విశాఖపట్నం, పెళ్లి అక్కడే, ముహూర్తం తెల్లవారుజామున. ఇంకా నాలుగు నెలలుంది. "వదినా, నువ్వు రాకపోతే నేను పీటల మీద కూర్చోను" అంటోంది పెళ్లికూతురు. "నేనున్నాగా, ఎత్తుకుని తీసుకెళ్తా" అంటున్నారు భర్త. "అంత అవస్థ పడి రావడం దేనికమ్మా, ఇంట్లో ఉండు, తోడుగా మా చెల్లెల్ని ఉంచుతా" అంటున్నారు అత్తగారు. కూతురు ఇంతవరకు సముద్రం చూడలేదు, చూస్తే అమ్మతోనే చూస్తానంటోంది. మరిది మాత్రం కృత్రిమ కాలుతో ఎవరెస్ట్ ఎక్కిన అరుణిమా సిన్హా వీడియోలు వాట్సాప్‌లో పంపుతున్నాడు.

"పెళ్లి మాట ఎత్తితే చేతులు చెమటలు పడుతున్నాయి. రానంటే స్వార్థం అనిపిస్తుంది, వస్తానంటే అందరికీ భారం అనిపిస్తుంది. అన్నిటికంటే నన్ను తినేస్తున్న ప్రశ్న వేరే. ఈ భయం నా జబ్బు మాటా, నా తెలివి మాటా? నాకే తెలియడం లేదు" అని ముగించారు.

జవాబు:

మీ ఉత్తరం మూడో పేజీ చివర బ్రాకెట్లో ఒక వాక్యం రాశారు: "నేను లేకపోతే వీళ్లంతా హాయిగా తిరిగేవాళ్లు." పెళ్లి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పండి. ఆ వాక్యం విసుగులో రాసిందా, లేక చచ్చిపోతే బాగుండును అన్న ఆలోచన ఈమధ్య వస్తోందా? ఇంత సూటిగా అడిగానని ఏమీ అనుకోకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు గానీ అలా జరగదు. వస్తూ ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మీ డాక్టరుకి ఫోన్ చేసి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివి వినిపించండి. అర్ధరాత్రి అయితే టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఆయనకి ఉత్తరం మొత్తం చూపించకపోయినా పర్వాలేదు, ఆ ఒక్క వాక్యం చూపించండి. అలాంటి ఆలోచనలు వస్తున్నంత కాలం ప్రయాణం గురించి ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. పెళ్లి ఆగదు, ఆడపడుచు పీటల మీద కూర్చుంటుంది.

ఇక మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాను. చిన్నప్పటి పోలియో వల్ల కాలికి ఊతగా క్యాలిపర్ వేసుకుని ఈ నగరంలో తిరిగేదాన్ని కాబట్టి కొంత తెలుసు, మీలాంటివారి ఉత్తరాలు చదివి కొంత నేర్చుకున్నాను. నాకు తోచిన పద్ధతి ఒకటుంది. భయం ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు తెచ్చి దాని ముందు పెట్టండి. "బాత్రూమ్ తలుపులో వీల్‌చైర్ పడుతుందా?" అని భయం అడిగింది. హోటల్ వాళ్లు తలుపుకి టేపు పెట్టి ఫొటో తీసి పంపారు, పడుతుంది. మీ ఊపిరి కాస్త తేలికపడితే అది తెలివి అడిగిన ప్రశ్నే. పడుతుందని తెలిసిన మరుక్షణమే "మరి లిఫ్టు ఆగిపోతే?" అని, దానికీ జవాబు దొరికితే "అందరూ నన్నే చూస్తే?" అని, ఆ తర్వాత "అక్కడే ఊపిరాగిపోతే?" అని ప్రశ్న మారుతూ పోతే మాత్రం అక్కడ మాట్లాడుతున్నది జబ్బు. దానికి ఫొటోలు పంపి లాభం లేదు, వైద్యం కావాలి.

మీ ఇంట్లో ఇది తలకిందులుగా జరుగుతోందని నా అనుమానం. తలుపు సన్నగా ఉందని మీరంటే ధైర్యం చెబుతున్నారు. గుండె దడగా ఉందని మీరంటే "పాపం, అంత దెబ్బ తగిలాక బాధ ఉండదా మరి" అని సర్దుకుంటున్నారు. తలుపుకి ధైర్యం ఎందుకు? దానికి కావలసినవి అంగుళాలు. దడ సంగతికొస్తే, వీల్‌చైర్లో ఉన్నవాళ్లకి డిప్రెషన్ సహజమేలే అని వదిలేయడానికి లేదు. వెన్నుపూస దెబ్బతిన్న ప్రతివారికీ డిప్రెషన్ రాదు. వచ్చినవారికి కాళ్లలో కదలిక రాకపోయినా ఆ డిప్రెషన్ మాత్రం వైద్యంతో తగ్గగలదు. రెండింటినీ ఒకే మూటలో కట్టేయడం వల్ల మీకు దేనికీ సరైన సాయం అందలేదు.

ఎవరెస్ట్ వీడియోల గురించి ఒక్క మాట. అరుణిమ 2013లో శిఖరం ఎక్కారు, గొప్ప సంగతే. కానీ దాన్ని చూపించి మిమ్మల్ని వైజాగ్ రమ్మనడం ఏమిటో నాకు అర్థం కాదు. మీ మరిదికి నిజంగా సాయం చేయాలనుంటే వీడియోలు మాని, కల్యాణ మండపానికి ఫోన్ చేసి భోజనాల హాలు ఏ అంతస్తులో ఉందో కనుక్కోమనండి.

రెండేళ్ల కిందటి ఆ రాత్రి దగ్గరికి మళ్లీ వెళ్దాం, ఎందుకంటే మీరు దాన్ని మీ బలహీనత కింద రాసుకున్నారు. "నేను తట్టుకోలేకపోయాను" అని రాశారు. ఆ రాత్రి మీకు జరిగినవి చూడండి. అడగకుండా మీ ఒంటి మీద పరాయివాళ్ల చేతులు పడ్డాయి. రాత్రంతా క్యాథెటర్ పెట్టుకునే చోటు లేదు. హోటల్ వాళ్లు చూడకుండానే ఉందని చెప్పేశారు. వీటిలో ఏదీ మీ మనసులోంచి పుట్టింది కాదు. అలాంటి అనుభవం తర్వాత ప్రయాణమంటే ఒళ్లు బిగుసుకోవడంలో కొంత తెలివే ఉంది. ఆ తెలివి పక్కనే జబ్బు వచ్చి కూర్చుంది, అందుకే రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి.

నీళ్లు మానేయడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. వీల్‌చైర్ వాడే ఆడవాళ్లలో ఇది బయటికి చెప్పుకోని అలవాటు. ప్రయాణమంటే ముందు రోజు నుంచి గొంతు ఎండబెట్టుకుంటారు. మీలాగా క్యాథెటర్ వాడేవారు నీళ్లు తగ్గించి, మూత్రాన్ని గంటల తరబడి నిలవ ఉంచితే ఇన్ఫెక్షన్ రావడానికి దారి తీసినట్టే. ఆ జ్వరమే మిమ్మల్ని ఆసుపత్రిలో పడేసింది. దీనికి మార్గం మీ యూరాలజిస్టు దగ్గర ఉంది. ప్రయాణం రోజున ఎన్ని గంటలకోసారి పెట్టుకోవాలి, ఆ ఒక్క రోజుకి ట్యూబు ఉంచి కాలికి బ్యాగు కట్టుకోవడం మీ విషయంలో మంచిదా కాదా, జ్వరం వస్తే ఏం చేయాలి, ఇవన్నీ ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఏ వాహనమైనా సరే, "ఇందులో నేను ఎక్కడ క్యాథెటర్ పెట్టుకుంటాను?" అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ వాహనం మీది కాదు. ఛార్జీ, సమయం, ఏసీ అన్నీ దాని తర్వాతే.

ఆ లెక్కన చూస్తే స్లీపర్ బస్సు మొదటే పోయింది. మామూలు ఆర్టీసీ బస్సు కూడా అంతే. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు గానీ, ఆ మెట్లు ఎలా ఎక్కాలో మాత్రం ఆ పథకంలో లేదు.

రైలు చూద్దాం. మీలాగా తోడు లేకుండా ప్రయాణం చేయలేని వికలాంగులకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ మీద 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం రాయితీ ఉంది. వెంట వచ్చే ఒకరికీ అంతే. రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డు ముందుగా తీసుకుంటే టికెట్ ఇంట్లోనే బుక్ చేసుకోవచ్చు. కానీ రాయితీ ఇచ్చినంత సులువుగా రైలు తలుపు ఇవ్వదు. మామూలు ఏసీ పెట్టెలో టాయిలెట్ దగ్గరి సందులో వీల్‌చైర్ తిరగదు, అంటే మళ్లీ ఎవరో ఎత్తాల్సిందే. రైలు చివర ఉండే దివ్యాంగుల పెట్టెలో వెడల్పు తలుపూ, పెద్ద టాయిలెట్టూ ఉంటాయి. అయితే అందులో సాధారణంగా రిజర్వేషన్ ఉండదు, ఎవరు పడితే వారు ఎక్కేస్తుంటారు. రాత్రి ప్రయాణానికి నేనైతే సలహా ఇవ్వను. (మీరు అడగలేదు గానీ చెబుతున్నా. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఉంది. రైల్వే వైకల్య రాయితీల జాబితాలో మాత్రం లేదు. కనబడని వైకల్యానికి టికెట్ కౌంటర్ దగ్గర విలువ తక్కువ.)

సికింద్రాబాద్ నుంచి విశాఖకి 2023 సంక్రాంతి నుంచి వందేభారత్ నడుస్తోంది, 2024 మార్చిలో రెండోది కూడా వచ్చింది. ఈ రైళ్లలో రెండు చివరల పెట్టెల్లో వీల్‌చైర్ నిలిపే చోటూ, వీల్‌చైర్‌తో సహా వెళ్లగల టాయిలెట్టూ ఉన్నాయి. అందుకే చివరి పెట్టెలోనే సీటు తీసుకోవాలి, మధ్య పెట్టెలో తీసుకుంటే ఏ లాభమూ లేదు. ప్రయాణం దాదాపు ఎనిమిదిన్నర గంటలు, పడుకునే వీలుండదు. స్పర్శ లేని చోట అంతసేపు ఒకే భంగిమలో కూర్చుంటే పుండ్లు పడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. మీ కుషన్ మీదే కూర్చోవాలి, ఇంట్లో చేసినట్టే అరగంట దాటకుండా చేతుల మీద లేస్తూ ఉండాలి. స్టేషన్లో ఎక్కేచోట ర్యాంపు దొరుకుతుందా, ఏ ప్లాట్‌ఫారం, లిఫ్టు ఏ వైపు అన్నది మీ ఆయన ముందే ఒకసారి వెళ్లి స్టేషన్ మేనేజర్‌తో మాట్లాడి చూసి రావాలి. రైల్వే నంబరు 139కి ఫోన్ చేసినా చెబుతారు, కానీ ఫోన్లో విన్నదాని కంటే కళ్లతో చూసింది నయం.

విమానం ఖరీదు ఎక్కువే గానీ గాల్లో ఉండేది గంట, గంటంపావు. క్యాథెటర్ పెట్టుకుని ఎక్కి, దిగాక మళ్లీ పెట్టుకోవచ్చు. టికెట్ కొనేటప్పుడే, కనీసం 48 గంటల ముందు, వీల్‌చైర్ సాయం కావాలని చెప్పాలి. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. వీల్‌చైర్ సాయంలో మూడు రకాలున్నాయి: మెట్లు ఎక్కగలవారు, మెట్లు ఎక్కలేకపోయినా విమానంలో సీటు దాకా నడవగలవారు, అసలు నడవలేనివారు. మీది మూడోది, డబ్ల్యూసీహెచ్‌సీ అంటారు. ఆ అక్షరాలే టికెట్ మీద పడేలా చూడండి. లేకపోతే మెట్ల దాకా తీసుకెళ్లి "కాస్త నడుస్తారా మేడమ్?" అంటారు. మూడోది అని ఉంటే అంబులిఫ్టు (వీల్‌చైర్‌తో సహా విమానం తలుపు ఎత్తుకి లేపే బండి) గానీ ఏరోబ్రిడ్జి (విమానం తలుపు దాకా మెట్లు లేని దారి) గానీ, లోపల సీటు దాకా వెళ్లడానికి సన్నటి కుర్చీ కూడా ఏర్పాటు చేయాలి. మీ సొంత వీల్‌చైర్‌ని విమానం తలుపు దాకా తెచ్చుకుని, దిగేచోట తలుపు దగ్గరికే తెప్పించమని అడగండి. 2022లో రాంచీలో ఒక వికలాంగ బాలుణ్ని విమానం ఎక్కనివ్వని ఘటన తర్వాత నియమాలు మార్చారు. వైకల్యం ఉందన్న కారణంతో విమానయాన సంస్థ సొంతంగా ఎవర్నీ ఆపకూడదు, ఆరోగ్యం మీద అనుమానం ఉంటే డాక్టరు చూసి చెప్పాలి.

కారు అయితే 600 కిలోమీటర్ల పైమాటే. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, సొంత సామాను, సొంత మనుషులు. కానీ హైవే పక్కన వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఆశించొద్దు, విజయవాడలోనో రాజమండ్రిలోనో రాత్రి ఆగేలా చూసుకుంటే తప్ప నడుము నిలవదు. అద్దె కారు మాట్లాడితే డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉందేమో ముందే అడగండి. ఉంటే మడతపెట్టిన వీల్‌చైర్ పట్టదు. మూడింట్లో మీకు నప్పేది నాకు విమానంలా కనిపిస్తోంది, కానీ ఇంటి డబ్బు లెక్కలు మీకు తెలుసు, నాకు తెలియవు.

అడగడానికి మొహమాటం అన్నారు. హోటల్‌కి ఫోన్ చేసి తలుపు వెడల్పు అడిగితే ఏమనుకుంటారో అని. దేశంలో భవనాలకు ఉన్న మార్గదర్శకాల ప్రకారం వీల్‌చైర్ వెళ్లాల్సిన తలుపు 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలి. మన హోటళ్ల బాత్రూముల్లో చాలావాటికి అంత ఉండదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలు ఇష్టముంటే పాటించేవిగా ఉండకూడదు, తప్పనిసరి నియమాలుగా రావాలి అంది. ఆ కేసులో దేశమంతటా పరిస్థితి ఎలా ఉందో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. కోర్టు చెప్పినంతలో విశాఖలోని హోటల్ తలుపు పెద్దదైపోదు, నిజమే. మీరు అడిగేది మాత్రం దయ కాదని తెలిస్తే గొంతు కొంచెం పెగులుతుంది. "ఇబ్బందేం ఉండదు" అన్న మాటని ఒప్పుకోకండి. టేపు పెట్టిన ఫొటో, షవర్ దగ్గర గట్టు ఉందో లేదో, మంచం ఎత్తు ఎంతో, ఇవి వాట్సాప్‌లో వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.

ఇప్పుడు మీ ఆయన. "ఎత్తుకుని తీసుకెళ్తా" అనడంలో ప్రేమ ఉందని మీరే రాశారు, కానీ ఆ మాట వినగానే మీకు కడుపులో తిప్పినట్టవుతోందనీ రాశారు. ఇది జబ్బూ కాదు, తలుపు వెడల్పూ కాదు, మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవాల్సిన మూడో సంగతి. పెళ్లిలో మూడొందల మంది మధ్య, పట్టుచీరలో, భర్త చేతుల మీద మండపం ఎక్కడం కొందరికి ముచ్చటగా ఉండొచ్చు. మీకు లేదు, అంతే. దానికి కారణాలు చూపించక్కర్లేదు. "మీరు ఎత్తుకోవడం నాకు ఇష్టమే, ఇంట్లో. నలుగురిలో నేను అడిగితేనే" అని చెప్పి చూడండి. ఆయన నొచ్చుకోవచ్చు. ఐదేళ్లుగా మోస్తున్న మనిషి కూడా అలసిపోయి ఉంటారు, ఆ అలసట గురించి ఎవరూ ఆయన్ని అడిగి ఉండరు. ఎత్తడం బదులు ఆయనకి వేరే పని అప్పగించండి. మండపం మెట్లకి చెక్క ర్యాంపు వేయించే పని ఇవ్వండి. డెకరేషన్ వాళ్లకి రెండు వారాల ముందు చెబితే వాళ్ల దగ్గరున్న ప్లైవుడ్‌తోనే చేసేస్తారు. ఒక్క షరతు, ఏటవాలు బాగా తక్కువగా ఉండాలి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు అని రాసి ఇవ్వండి, లేకపోతే జారుడుబల్ల కడతారు.

జబ్బు వైపు చేయాల్సినవి మీ సైకియాట్రిస్టుతో కలిసి చేయాలి. పెళ్లి ఫలానా తేదీన అని ఇప్పుడే చెప్పండి. పానిక్‌కి మందులతో పాటు, భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చేయించే థెరపీ ఉంది. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపమని అడగండి. గడప దాటని మనిషి నేరుగా విశాఖ వెళ్లడం పెద్ద గంతు. మధ్యలో మెట్లు మీ ఇంటి దగ్గరే ఉన్నాయి. కేపీహెచ్‌బీ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నేరుగా వెళ్తుంది, రైలు మారక్కర్లేదు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, పెట్టెలోకి మెట్టు ఎక్కక్కర్లేదు, వీల్‌చైర్ నిలిపే చోటు ఉంది. ఫుట్‌పాత్ నుంచి లిఫ్టు దాకా వెళ్లడమే అసలు పరీక్ష, బైకులు అడ్డంగా పెట్టేస్తారు. ఆఫీసు వేళ కాకుండా మధ్యాహ్నం ఒక స్టేషను వెళ్లి దిగిపోండి. ఇంకోసారి ఇంకాస్త దూరం. దారిలో అటాక్ వస్తే రావచ్చు కూడా. సాధారణంగా అది పది నిమిషాల్లో బాగా పెరిగి ఆ తర్వాత దిగుతుంది. దిగేదాకా అక్కడే ఉండగలగడం నేర్పడమే ఆ థెరపీ చేసే పని. ఇంటికి పారిపోయి వచ్చిన ప్రతిసారీ ఉపశమనం వస్తుంది, దాంతో పాటు బయట ప్రమాదమే అన్న నమ్మకమూ పెరుగుతుంది.

పెళ్లికి వెళ్లేలోపు మందులు ఆపేయాలని, అక్కడ ఎవరైనా ట్యాబ్లెట్లు చూస్తారని రాశారు. ఆ పని చేయకండి. డిప్రెషన్ మందులు ఉన్నపళంగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు రావచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు. చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో వద్దు. కొన్ని మందులు చీటీ లేకుండా వేరే ఊళ్లో ఇవ్వరు. ఎవరైనా చూస్తే బీపీ ట్యాబ్లెట్లు అనుకుంటారు, మన పెళ్లిళ్లలో సగం మంది సంచుల్లో ఉండేవి అవే.

తెల్లవారుజాము ముహూర్తం నాకు హోటల్ తలుపు కంటే ఎక్కువ కంగారు పుట్టిస్తోంది. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు మనసు కుదురుగా ఉండదు, ఇది మీ జబ్బుకి బాగా తెలిసిన శత్రువు. మొత్తం పెళ్లికి ఉండి తీరాలని ఎవరన్నారు? ముందు రోజు పగలు పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మీరు పక్కన ఉండి, సాయంత్రం గదికెళ్లి పడుకుని, జీలకర్ర బెల్లం వేళకి మాత్రం వచ్చి వెళ్లొచ్చు. లేదా ముహూర్తం వదిలేసి మర్నాటి రిసెప్షన్‌కి ఉండొచ్చు. ఆడపడుచుతో ఇప్పుడే చెప్పండి, ఏ గంట మీరు తన పక్కన ఉండాలని తనకి నిజంగా ఉందో అడగండి. బహుశా తనకి కావలసింది ఆ ఒక్క గంటే.

"ఇంకా నయం కాలేదా అమ్మా?" అనేవాళ్లు ప్రతి వరసలోనూ ఉంటారు. వాళ్లకి మీ వెన్నుపూస చరిత్ర చెప్పక్కర్లేదు. "బాగానే ఉన్నాను పిన్నీ, మీరు భోజనం చేశారా?" అంటే చాలు. పెళ్లిలో ఆ ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేసేవాళ్లు లేరు.

వెళ్లకపోవడం కూడా ఒక దారే. దాన్ని ఓటమి కింద రాయకండి. డాక్టరు ఇప్పుడే వద్దంటే, లేదా పైన చెప్పిన ఏర్పాట్లు కుదరకపోతే, వెళ్లకపోవడమే తెలివి. అప్పుడు మీ పాప నాన్నతో వెళ్లాలి. "అమ్మ లేకుండా సముద్రం చూడను" అన్న పదేళ్ల పిల్ల మాట వింటే ముద్దొస్తుంది, కానీ ఆ మాట నిలబెట్టుకోవడం కోసం మీరు వెళ్లినా బరువే, తనని ఆపేసినా బరువే. తను ముందు చూసొచ్చి మీకు చెప్పనివ్వండి. పెళ్లి హడావిడి లేకుండా తర్వాతెప్పుడో మీ ముగ్గురే వెళ్లడం ఇంకో దారి, నాకు అదే ఎక్కువ నచ్చింది. బీచ్ రోడ్డు దాకా వీల్‌చైర్ వెళ్తుంది, ఇసుకలో దిగబడుతుంది. పాపకి కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూపించొచ్చు, లోపల సందులూ గడపలూ ఇరుకు కాబట్టి మీరు బయటే ఉండాల్సి వస్తుంది, ముందే తెలిస్తే అక్కడ చిన్నబోరు. అలల దగ్గరికే వెళ్లాలనుంటే చెన్నై మెరీనాలో 2022 నవంబరులో వీల్‌చైర్ల కోసం ఇసుక మీదుగా నీళ్ల వైపు చెక్క దారి వేశారు. వేసిన కొద్ది రోజులకే తుఫానుకి కొంత దెబ్బతింటే బాగుచేశారు. వెళ్లే ముందు ఎలా ఉందో కనుక్కోండి.

అత్తగారి మాట ఆఖరున పెట్టాను, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆవిడ మీద కోపం ఎక్కువ, ఆధారం తక్కువ. "మగపెళ్లివారి ముందు నన్ను దాచేయాలని చూస్తున్నారు" అన్నారు. అది నిజం కావచ్చు. ఆ జ్వరంలో మీ మంచం పక్కన రాత్రంతా కూర్చున్నది ఆవిడే అని కూడా మీరే రాశారు, కాబట్టి నిజంగా భయపడుతూ ఉండొచ్చు. ఊహించుకుంటూ కూర్చోవడం కంటే అడిగేయండి: "అత్తయ్యా, అన్ని ఏర్పాట్లూ కుదిరి, డాక్టరు సరేనంటే నేను రావడం మీకు ఇష్టమేనా?" ఇష్టమే అంటే పెళ్లి పనుల్లో ఒక బాధ్యత ఆవిడ చేతే అడిగి తీసుకోండి. నీళ్లు నమిలితే బాధ కలుగుతుంది, కానీ అది మీ పానిక్ కాదని, ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క అని తెలుస్తుంది. మీ ఆయన ఆ సంభాషణలో ఉండాలి. తల్లితో ఆ మాట మాట్లాడాల్సింది మొదట ఆయన.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. పెళ్లికి నాలుగు నెలలుంది కాబట్టి వస్తానని గానీ రానని గానీ ఇంట్లో ఎవరికీ ఇంకో రెండు నెలల దాకా మాట ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆ తేదీ చెప్పండి. ఈ వారం డాక్టరు అపాయింట్‌మెంట్, మండపానికి మీ మరిది చేత ఒక ఫోను, ఈ రెండే పెట్టుకోండి. మెట్రో సంగతి సైకాలజిస్టుని కలిశాక.